ఆరోగ్యశ్రీలో నాకు స్టెంటు కన్నా ఆ 5 వేలే గుర్తున్నాయి

ఈ ఉచిత వైద్యం పథకం ఎవరికి వర్తిస్తుంది, ఎన్ని లక్షల వరకు అనేవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది గానీ మా గుంతకల్లులో ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు.

2007లో దీన్ని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. మొదలైంది ఏప్రిల్ 1న, అందుకని మా నాయన చాలా ఏళ్ళు దాన్ని ఏప్రిల్ ఫూల్ పథకం అని వెక్కిరించేవాడు. 2020 మార్చి మొదట్లో ఆయనకే గుండెలో స్టెంట్ పడింది. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అప్రూవల్ మరుసటి రోజే వచ్చింది, ఆపరేషన్‌కు రూపాయి అడగలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు నాయన ఫోన్ పట్టుకుని కంగారుగా వచ్చాడు. "ఒరేయ్ అబ్బీ, ఎవురివో 5 వేలు మన ఖాతాలో పడినాయి, ముట్టుకోవద్దు, రేపు బ్యాంకోళ్ళు వచ్చి అడిగితే యాడ తెచ్చిస్తాం" అని. నాకూ అర్థం కాలేదు. ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్రగా ఉండే అమ్మాయికి ఫోన్ చేస్తే నవ్వింది, "అవి ఆసరా డబ్బులన్నా, రోజుకు 225 లెక్కన నెలకు 5 వేల దాకా ఇస్తారు, మీ నాయన పనికి పోకుండా రెస్టు తీసుకోవాలని" అంది. అదే మాట నాయనకు చెప్తే, "పండుకున్నందుకు కూలి ఇస్తారా ఎవురన్నా?" అని అస్సలు నమ్మలేదు, డబ్బులు తీయనీయలేదు. జీవితమంతా శెనక్కాయ చేలల్లో కూలి చేసిన మనిషి, తప్పు పట్టలేం. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది, నా ఆటో ఆగిపోయింది. ఇంట్లో బియ్యం అడుగంటాక ఒకరోజు ఆయనే పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టి, ఏం మాట్లాడకుండా పోయి పండుకున్నాడు.

రూపాయి అడగలేదన్నాను గానీ, చేరకముందు టెస్టులకని 6 వేలు కట్టించుకున్నారు, రసీదు కూడా సరిగ్గా ఇవ్వలేదు. ఈ పథకం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగు పెట్టినప్పటి నుంచి డిశ్చార్జి దాకా అంతా ఉచితమే అని, అడిగితే 104కు ఫిర్యాదు చేయొచ్చని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అంటే ఆ 5 వేలు ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోయినట్టే, ఇంకో వెయ్యి ఎదురు కూడా.

అమ్మకు పిత్తాశయంలో రాళ్ళు వచ్చింది 2025 అక్టోబరులో, సరిగ్గా ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు ఈ పథకం సేవలు ఆపిన రోజుల్లో. రెండు చోట్ల వెనక్కి పంపారు, చివరికి సర్కారు పెద్దాసుపత్రిలో చేయించాం, బాగానే చేశారు. నాయన మాత్రం ఆమె ఫోన్‌కు మెసేజ్ ఏమన్నా వచ్చిందా అని నెల రోజులు రోజూ అడిగాడు. రాలేదు.

మాది రోజు సంపాదనతో నడిచే ఇల్లు కాబట్టి ఆ రెస్టు డబ్బులు నాకంత పెద్దగా కనిపిస్తాయి, జీతం వచ్చేవాళ్ళకు ఇదంతా ఎట్లా అనిపిస్తుందో చెప్పలేను. మీరు పోతే మాత్రం టెస్టులకు డబ్బు కట్టే ముందు ఆరోగ్యమిత్రను ఒక మాట అడగండి.