బ్రాంచ్‌లు క్లీన్ చేస్తానంటే నమ్మి రిపో చేతిలో పెట్టకండి, నా 9 వేలూ పోయాయి, కోడూ పోయింది

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. రిపోలో, అంటే గిట్ అనే టూల్‌తో కోడ్ దాచుకునే చోట, పాత బ్రాంచ్‌లన్నీ (కోడ్‌కి పక్కన పెట్టుకున్న వేరే వెర్షన్లు) తీసి శుభ్రం చేసి పెడతానని రోజూ స్టేటస్‌లు పెడుతుంటాడు చూడండి, ఆయనే. పేరు నేను చెప్పను, మీకు తెలుసు.

మాది భీమవరంలో నలుగురం ఉన్న చిన్న ఆఫీసు, రొయ్యల చెరువుల లెక్కలు చూసే యాప్. మూడేళ్ళలో 163 బ్రాంచ్‌లు పోగయ్యాయి, ఫైనల్, ఫైనల్2, కొత్తఫైనల్ అని పేర్లు. ఏది బతికుందో మాకే తెలీదు. 9 వేలన్నాడు, అడ్వాన్సుగానే మొత్తం కొట్టేశాను, రిపోలో మార్చే, తీసేసే హక్కు (రైట్ యాక్సెస్) కూడా ఇచ్చేశాను. చెరువు గట్టున కొంగని కాపలా పెట్టినట్టు.

మేం స్క్వాష్ మెర్జ్ చేస్తాం, అంటే బ్రాంచ్‌లోని మార్పులన్నీ ఒకే ముద్ద చేసి మెయిన్ అనే అసలు బ్రాంచ్‌లో కలుపుతాం. అలా చేస్తే మెయిన్‌లో కలిసిపోయిన బ్రాంచ్ కూడా గిట్‌కి కలవనట్టే కనిపిస్తుంది కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి, దానికే కదా డబ్బులిచ్చింది. ఈయన తెరిచిందేం లేదు. నెల రోజులుగా కమిట్ (సేవ్ చేసిన మార్పు) లేనివన్నీ ఏరి సర్వర్ మీద ఒకే దెబ్బలో డిలీట్ కొట్టాడు. మన మెషిన్‌లో అయితే డిలీట్ కమాండ్‌కి చిన్న డీ (-d) కొడితే కలవని బ్రాంచ్‌ని తియ్యనని గిట్ మొరాయిస్తుంది, సర్వర్ మీద ఆ మాత్రం అడ్డు కూడా ఉండదు. పోయినవాటిలో కౌంట్‌ని (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) బట్టి రేటు కట్టే బ్రాంచ్ ఉంది. 30 కౌంట్‌కి ఒక రేటు, 100 కౌంట్‌కి ఒకటి కదా, ఆ లెక్కంతా అందులోనే. కస్టమర్ పట్టుబడికి (రొయ్యలు పట్టే సమయానికి) వచ్చాక రేట్లు ఇస్తానంటే ఆపి ఉంచాం, అదీ దాని పాపం.

రెండు రోజులకి చూసుకుని ఫోన్ చేశాను. ఆయన ఎంత మర్యాదగా అన్నాడో వినండి. "ఆయ్, మీరు క్లీన్ చెయ్యమన్నారు, చేసేనండి. నెలై ముట్టుకోని బ్రాంచ్ మీకు కావాలని నాకు కలొస్తాదాండి?" వెనకాల ఎవరో నవ్వారు కూడా. తిట్టినా ఇంత మండేది కాదు, ఆ "అండి" ఉంది చూశారూ, అక్కడ తగిలింది. బ్యాకప్ తీశారా అంటే "అది ప్యాకేజీలో లేదండి" అని పెట్టేశాడు.

నా తెలివి కూడా చెప్పాలి. పని అయిన రోజే "ఫెచ్ ప్రూన్ కొట్టి, జీసీ ప్రూన్ నౌ కూడా కొట్టండి, రిపో తేలికవుద్దండి" అని మెసేజ్ పెడితే, బుద్ధిమంతుడిలా రెండూ కొట్టాను. మొదటిది సర్వర్‌లో పోయిన బ్రాంచ్‌ల గుర్తుల్ని నా మెషిన్‌లోంచి తీసేస్తుంది, రెండోది ఏ గుర్తూ లేని కోడ్‌ని పూర్తిగా చెరిపేస్తుంది. ఆ బ్రాంచ్‌ని నేనెప్పుడూ చెకౌట్ చెయ్యలేదు (నా మెషిన్‌లో తెరవలేదు), నా రిఫ్లాగ్‌లో (ఏం తెరిచామో గిట్ రాసుకునే చిట్టా) కూడా జాడ లేదు. అంటే నా మెషిన్‌లో మిగిలిన కాపీని నా చేత్తోనే పూడ్చాను. ఆ బ్రాంచ్ రాసిన కుర్రాడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు, అతని ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి కొత్తమ్మాయికి ఇచ్చాం. మా రిపో ఉన్న గిట్‌హబ్ సైట్‌లో రీస్టోర్ బటన్ ఉంటుంది కదా అంటారేమో, అది మూసిన పుల్ రిక్వెస్ట్ (బ్రాంచ్‌ని కలపమని పెట్టే అర్జీ) పేజీలో ఉండేది, దీనికి మేం పుల్ రిక్వెస్టే పెట్టలేదు.

చివరికి సెలవు మీద రాజోలు వెళ్ళిన మా వాడు గుర్తొచ్చాడు. అతని మెషిన్‌లో ఫెచ్ కొడితే (సర్వర్ నుంచి కొత్తవి తెస్తే) ప్రూన్ దానంతటదే అయిపోయే సెట్టింగ్ ఉంది. "ఒరేయ్, ముందు వైఫై ఆపు, ఆ తర్వాతే మూత తియ్యి" అని ఫోన్లో అరిచాను, వాళ్ళమ్మగారు కంగారు పడ్డారు పాపం. దొరికింది, కానీ పాతది. చివరి ఆరు రోజుల కమిట్లు లేవు.

ఎవరికైనా ఈ పని ఇస్తే ముందు మిర్రర్ క్లోన్ (బ్రాంచ్‌లన్నిటితో రిపోకి పూర్తి నకలు) ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, తీసేవాటి జాబితా అడిగి మీరే చూడండి, అనుమానం ఉన్నదానికి ట్యాగ్ (బ్రాంచ్ తీసినా కోడ్‌ని పట్టి ఉంచే పేరు) వేసి ఉంచండి. డబ్బు సగమే ఇవ్వండి.

ఆదివారం పట్టుబడి అని కస్టమర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. ఆ ఆరు రోజుల పనీ మళ్ళీ రాయడానికి కూర్చుంటున్నాను.