రేకుల షెడ్డులో పడవలు: కప్పు కింద ఉన్న ఆ పలచటి ఫెల్ట్ గురించి

పడవలకు షెడ్డు వేద్దామనుకునేవాళ్లంతా ముందు అడిగేది పొడవెంత, వెడల్పెంత, తలుపు ఎత్తెంత అని. వాటికి జవాబు షెడ్డు కట్టేవాళ్లెవరైనా చెప్తారు. నా వంతుగా ఒక్క మాట. కొలత పడవ కాగితాల్లో చూసి కాదు, పడవను ట్రెయిలర్ మీద ఎక్కించి, వెనక ఇంజన్ పైకెత్తాక టేపు పెట్టి తీసుకోండి. ముందు ట్రెయిలర్ కమ్మీ, వెనక ఇంజన్ కలిసి పొడవును కొన్ని అడుగులు పెంచేస్తాయి. పైన షట్టర్ చుట్ట ఎంత చోటు తింటుందో కూడా అప్పుడే అడగండి. కొలతల గురించి ఇంతే.

నేను ఇంత రాయడానికి కూర్చున్నది వేరే విషయానికి. కప్పు రేకుకు లోపలివైపు ఏముంది? ఆర్డర్ ఇచ్చే రోజు ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ తమంతట తాము ఎత్తరు.

నా షెడ్డు రెండు విడతల్లో లేచింది. మొదటి భాగానికి మామూలు రంగు రేకు. రెండో పడవ వచ్చాక అదే వరసలో షెడ్డును పొడిగించినప్పుడు, ఆ భాగానికి లోపలివైపు ఫెల్ట్, అంటే నీటిని పీల్చే గుడ్డలాంటి పలచటి పొర, అంటించిన రేకు వేయించాను. వాలు ఒకటే, ఎత్తు ఒకటే, మధ్యలో గోడ లేదు. అంటే ఒకే గాలి, ఒకే రాత్రి, రెండు రకాల రేకులు. కొన్నేళ్లుగా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను కాబట్టి ఇది ఎవరో చెప్పింది విని రాస్తున్నది కాదు.

పాత భాగం పెట్టిన బాధ ముందు చెప్పాలి. షెడ్డు కట్టిన కొన్నాళ్లకు పడవలో నీళ్లు కనిపించడం మొదలైంది. సీట్ల కుట్ల వెంబడి తడి, అడుగున చిన్న మడుగు. కప్పు వేసినతన్ని పిలిస్తే చూసి, స్క్రూల కింద రబ్బరు వాషర్లు సరిగ్గా కూర్చోలేదు, వాన నీరు దిగుతోంది అన్నాడు. పైకెక్కి ప్రతి స్క్రూ తల మీదా సీలెంట్ పూశాడు. తర్వాత పెద్ద వాన పడింది. షెడ్డులో నిలబడి చూశాను, చుక్క కారలేదు. హమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత మబ్బు తునక లేని రాత్రి ఒకటి గడిచింది. పొద్దున్నే షట్టర్ ఎత్తితే పడవంతా తడి!

వాన రాత్రి కారని కప్పు, వాన లేని రాత్రి ఎందుకు కారింది? నేల చూస్తే కథ అర్థమైంది. స్క్రూ రంధ్రంలోంచి కారితే తడి అక్కడక్కడా మచ్చలుగా ఉండాలి. ఇక్కడ తడి గీతలుగా ఉంది. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒకదానికొకటి సమాన దూరంలో, పడవల మీదుగా కూడా తిన్నగా సాగిపోయిన గీతలు. తలెత్తి చూస్తే ప్రతి గీతకూ సరిగ్గా పైన ఒక పర్లిన్, అంటే రేకులను మోసే అడ్డ కమ్మీ, ఉంది. రేకుకు అడుగున పట్టిన నీరు వాలు వెంబడి జారుతూ వచ్చి, అడ్డంగా ఉన్న పర్లిన్ దగ్గర ఆగి, వాన వెలిశాక బట్టలారేసే తీగకు వేలాడే చుక్కల్లా వరసకట్టి, బరువెక్కాక ఒక్కొక్కటే రాలుతోంది. నీరు పైనుంచి దిగడం లేదు, లోపలే పుడుతోంది. సీలెంట్ డబ్బాలన్నీ దండగ.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకున్నాక ఆ రేకు మీద కోపం ఇంకా పెరిగింది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి రేకు తన వేడిని పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. 25 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి. రేకు 21 డిగ్రీలకు దిగితే చాలు, దాని ఒంటికి నీరు పట్టేస్తుంది. మబ్బు పట్టి ఉంటే రేకు అంతగా చల్లబడదు. అందుకే వాన రాత్రి పొడి, తేట రాత్రి తడి.

అసలు పడవల షెడ్డుకు ఈ బాధ మిగతా షెడ్లకంటే ఎక్కువ. ట్రాక్టరు పొడిగా లోపలికి వస్తుంది. పడవ నీళ్లు మోసుకుని వస్తుంది. ట్రెయిలర్ మీద పడవ ఆనే చోట కార్పెట్ తడి, తాళ్లు తడి, లైఫ్ జాకెట్లు తడి, అడుగున మిగిలిన నీళ్లు సరేసరి. షట్టర్ దించగానే అదంతా గాలిలోకి లేస్తుంది. పది మీటర్ల వెడల్పు, పన్నెండు పొడవు, సగటున అయిదు ఎత్తు ఉన్న షెడ్డులో 600 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఆ గాలి తేమ 80 శాతం నుంచి నూరు శాతానికి చేరడానికి మూడు లీటర్ల నీరు కూడా అక్కర్లేదు. ఒక్క తడి పడవ ఆ పని తేలిగ్గా చేసేస్తుంది.

ఇంత అనుభవం అయ్యాక రెండో భాగానికి ఫెల్ట్ రేకు వేయించాను. చూడ్డానికి ఏమీ ఉండదు, బూడిద రంగు పలచటి నూలు గుడ్డ అంటించినట్టు ఉంటుంది. చేసే పని కూడా చిన్నదే. రాత్రి పట్టిన నీటిని చుక్క కట్టనివ్వకుండా తనలో పట్టి ఉంచుతుంది, పగలు కప్పు వేడెక్కాక మెల్లగా వదిలేస్తుంది. చదరపు మీటరుకు లీటరుకు కాస్త అటూ ఇటూ పట్టగలదని చెప్తారు. వాలు నిటారుగా ఉన్నకొద్దీ అది తగ్గుతుంది. మొదటి తేట రాత్రి తర్వాత పొద్దున వెళ్లి చూశాను. పాత భాగంలో మామూలు గీతలు. పొడిగించిన భాగం మొదలైన చోట ఆ గీతలు కత్తిరించినట్టు ఆగిపోయాయి. అవతల నేల పొడిగా ఉంది. చెయ్యి పైకి చాచి ఫెల్ట్‌ను వేలితో నొక్కితే వేలు తడిసింది. నీరు ఉంది, పడటం లేదు, అంతే. ఆ సంబరంలో షెడ్డు వేద్దామనుకున్న వాళ్లందరికీ ఫెల్ట్ వేయించుకోండి, ఇంకేం ఆలోచించకండి అని చెప్పేవాణ్ణి.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

వరసగా రోజుల తరబడి ఎండ మొహం కనపడని కాలంలో ఫెల్ట్‌కు ఆరే అవకాశమే ఉండదు. నిండిపోయాక అదీ కారుతుంది. అలాంటి రోజుల్లో నా రెండు భాగాలకూ తేడా లేదు. ఇంకొకటి, చూరు అంచు. ఫెల్ట్ రేకు చివరిదాకా ఉంటుంది కాబట్టి, చూరు దగ్గర వాన నీటిని ఒత్తిలాగా లోపలికి పీల్చుకుంటుంది. అందుకే బిగించే ముందు ఆ అంచు వెంబడి ఫెల్ట్‌ను హీట్ గన్‌తో కరిగించి గానీ, లక్క లాంటిది పూసి గానీ మూసేయాలి. నాకు బిగించినవాళ్లు ఆ పని చేయలేదు. ఇప్పుడు చూరు వెంబడి ఒక పట్టీ ఎప్పుడూ నల్లగా, చెమ్మగా ఉంటుంది, దాని పక్కన రేకు మీద తెల్లటి పొడి లేస్తోంది. జింకు పూత తడిలోనే ఉండిపోతే లేచే పొడి అది. మీరు చేయించుకుంటే రేకులు పైకెక్కకముందే ఈ అంచు చూసుకోండి, ఎక్కాక నిచ్చెన మీద నిలబడి చేయడం నరకం.

ఫెల్ట్ ఉంటే షెడ్డు చల్లగా ఉంటుందని కొందరు అంటారు. నమ్మకండి. ఆ మందం వేడిని ఏం ఆపుతుంది? మిట్టమధ్యాహ్నం రెండు భాగాలూ ఒకటే కొలిమి. వాన చప్పుడు కాస్త తగ్గిన మాట నిజం.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం నేల. పాత భాగంలో ఉన్న పడవ సీట్లకు బూజు పట్టేది, కొత్త భాగంలోని పడవకు పట్టలేదు. ఆ ఘనతంతా ఫెల్ట్‌దే అనుకున్నాను. కానీ కొత్త భాగంలో కాంక్రీటు పోసేటప్పుడు కింద పాలిథిన్ షీటు పరిచారు, పాత భాగంలో పరచలేదు. అనుమానం వచ్చి రెండు చోట్లా నేల మీద ప్లాస్టిక్ ముక్క పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి మర్నాడు ఎత్తి చూశాను. పాత భాగంలో ప్లాస్టిక్ అడుగున చెమట, కాంక్రీటు నల్లబడి ఉంది. కొత్త భాగంలో ఏమీ లేదు. అంటే పాత పడవకు పైనుంచే కాదు, కిందనుంచి కూడా తేమ తగులుతోంది. బూజు తగ్గడంలో ఫెల్ట్ వాటా ఎంత, ఆ పాలిథిన్ వాటా ఎంత అంటే ఇప్పుడు విడదీసి చెప్పలేను. చుక్కలు పడకపోవడం మాత్రం ఫెల్ట్ వల్లే, అందులో సందేహం లేదు.

గాలి సంగతి కూడా అంతే. తర్వాత కప్పు మొన వెంబడి గాలి పోయే సందు, చూరు కింద గాలి వచ్చే సందు పెట్టించాను. తడి పడవ తెచ్చిన రాత్రులు పాత భాగంలో కారడం బాగా తగ్గింది, పగలు ఫెల్ట్ త్వరగా ఆరుతోంది. అయితే గాలి ఆడితే చాలు, ఇంకేం అక్కర్లేదు అనేవాళ్లతో ఒప్పుకోను. రేకు బయట గాలికంటే కూడా చల్లబడుతుంది కదా, నాలుగు వైపులా గోడలే లేని షెడ్డు కూడా తేట రాత్రి కారుతుంది.

కాబట్టి నా మాట నా పరిస్థితికి సంబంధించింది అనుకోండి. నావి మంచినీటి పడవలు, తరచూ తడిగా వచ్చి పోతుంటాయి, షెడ్డులో హీటరు లాంటిదేమీ లేదు. ఇలా ఉంటే ఫెల్ట్‌కు పెట్టే అదనపు ఖర్చు నాకు సమంజసంగానే అనిపిస్తుంది. అది కూడా నేల కింద పాలిథిన్, కప్పు మీద గాలి సందు తర్వాతే. మూడింటిలో ఒకటి వదులుకోవాల్సి వస్తే ఏది అని అడిగితే, ఒకప్పుడైతే ఫెల్ట్ తప్ప ఏదైనా అనేవాణ్ణి. ఇప్పుడు నేల కింద షీటును వదులుకోమని మాత్రం చెప్పను. కాంక్రీటు పోశాక దాన్ని పరచలేం. ఫెల్ట్ కూడా దాదాపు అంతే, రేకుకు మడతలు పడకముందే ఫ్యాక్టరీలో అంటిస్తారు, తర్వాత అంటించుకునే వస్తువు కాదు. గాలి సందులు మాత్రం నేను చేయించినట్టు తర్వాతైనా పెట్టించుకోవచ్చు.

పడవను బాగా ఆరబెట్టి నెలల తరబడి కదపకుండా ఉంచేవాళ్లకు మామూలు రేకు, పైన గాలాడే కవరు సరిపోవచ్చు. టార్పాలిన్ గట్టిగా కప్పి కట్టేయొద్దు, తేమ లోపలే మగ్గుతుంది. షెడ్డును వర్క్‌షాపుగా చేసి లోపల వెచ్చగా ఉంచుకోవాలనుకుంటే ఫెల్ట్ గురించి ఆలోచించనే వద్దు, అక్కడ మందపాటి ఇన్సులేషన్ కావాలి. ఉప్పునీటి పడవల లెక్క వేరు. ఉప్పు, గాలిలోని తేమను లాగుతుంది, రేకు పూతనూ తింటుంది. ట్రెయిలర్‌ను మంచినీటితో కడగనిదే ఏ రేకు కిందికీ తేవద్దు.

పాత భాగం రేకులు నేను మార్చలేదు. స్క్రూలన్నీ విప్పి కప్పు దించేంత తుప్పు ఇంకా కనపడలేదు, పైగా సీలెంట్ పుణ్యమా అని ఆ స్క్రూలు అంత తేలిగ్గా రావు కూడా. ఆ వైపు పడవకు డ్రెయిన్ ప్లగ్ తీసేసి, ట్రెయిలర్ జాకీతో ముక్కు కాస్త ఎత్తి పెడుతున్నాను. పడ్డ నీళ్లు పడ్డట్టే వెనకనుంచి పోతున్నాయి.