చేపలు బాగున్నాయి, చీటీలే బాగాలేవు

గుంటూరులో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. మా మ్యూజియం గదిలో పాత సీసాలు ఎంత పచ్చబడ్డాయంటే, ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు చేపని చూడరు, సీసా పగులుని చూసి పేరు రాసేస్తారు. అందుకని విజయవాడలో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక షాపు నుంచి మంచినీటి చేపల సెట్ తెప్పించాం. శీలావతి, బొచ్చె, మృగాల, కొరమీను, మార్పు, ఇంగిలాయి, వాలుగ, జెల్ల.

ప్యాకింగ్ పక్కా, ఒక్క చుక్క కారలేదు. శీలావతి పెదవి అంచున కుచ్చులు, బొచ్చె పైకి తిరిగిన నోరు దూరం నుంచే తెలుస్తున్నాయి. మెచ్చుకోవాల్సింది మాత్రం ఇంగిలాయి సీసాని. పక్కన చర్మం తీసి, మొప్పల దగ్గర నుంచి తోక వైపు సాగే గాలితిత్తి మొత్తం కనపడేలా పెట్టారు. నీళ్లలో ఆక్సిజన్ అడుగంటినా ఇది ఎలా బతుకుతుందో చెప్పడానికి నేనిక బోర్డు మీద నా వంకర బొమ్మలు గీయక్కర్లేదు.

మృగాలకి, కొరమీనుకి పొట్ట ఎడమవైపు కోశారు. చేప కుళ్లకుండా ఉంచే ఫార్మాలిన్ లోపలికి దిగాలంటే గాటు పెట్టాల్సిందే, కానీ కుడివైపు పెడతారు. ఎడమవైపు పొలుసులు లెక్కపెట్టడానికి, కొలతలకి వదిలేయాలి. మార్పు మీద శాస్త్రీయ నామం క్లారియస్ బట్రాకస్ అని అచ్చువేశారు. అది జావా చేప. మనది 1822లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త వర్ణించిన క్లారియస్ మాగుర్. చాలా పాఠ్యపుస్తకాల్లోనే ఇంకా పాత పేరుంది కాబట్టి దీనికి షాపుని అనను.

ఎక్కడ పట్టారో, ఎప్పుడు పట్టారో ఒక్క సీసా మీదా లేకపోవడమే నాకు మింగుడుపడలేదు. ఈ వాలుగ కృష్ణదా, కొల్లేరుదా? ఫోన్ చేసి అడిగితే, "చేపే కదా మేడమ్, ఏ నీళ్లదైతే ఏముందండీ" అన్నారు. ప్రకాశం బ్యారేజీ ఎగువన ఇప్పుడు ఏమేం దొరుకుతున్నాయో రేపటివాళ్లు చూసుకోవాలంటే ఆ చీటీయే ఆధారం. పెన్సిల్‌తో రాసి సీసాలోనే వేస్తే ఆల్కహాల్‌లో కూడా చెరగదు. ఖర్చు కూడా లేదు.

ప్రాక్టికల్స్ కోసమైతే కొనండి, ఇంగిలాయి విడిగా ఇస్తారేమో అడగండి. మ్యూజియానికైతే బ్యారేజీ దగ్గర వలవేసేవాళ్లనే పట్టుకోండి. తెచ్చిన చేపని నిల్వ చేయడానికి ఒక పాలు ఫార్మాలిన్‌కి తొమ్మిది పాళ్లు నీళ్లు, ఎముకలు కరగకుండా కాస్త బోరాక్స్ (వెలిగారం), తర్వాత బాగా కడిగి డెబ్బై శాతం ఆల్కహాల్. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి.