గుండె జబ్బు ఉన్నవారికి ఫ్లూ: టీకా మేలా, మాత్ర మేలా?

స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు కూడా ఫ్లూని జలుబు కింద జమకట్టేస్తుంటారు. నాకు టెన్షన్ పుట్టించేది అదే. ఫ్లూ వస్తే ఊపిరితిత్తులతో పాటు గుండె మీదా భారం పడుతుంది. జ్వరానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది, రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు పగిలే ప్రమాదం ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ల్యాబ్ పరీక్షలో ఫ్లూ తేలినవాళ్లకు మొదటి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజుల కంటే 6 రెట్లు ఎక్కువని అందులో తేలింది.

మరి ఏది మేలు, ముందే వేసుకునే టీకానా, ఫ్లూ వచ్చాక వేసుకునే యాంటీవైరల్ (వైరస్‌ని అణిచే) మాత్రనా? నా ఓటు ముందు టీకాకే. దాని వెనక గట్టి రుజువు ఉంది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరిన సుమారు 2,500 మందిలో సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి ఉత్త సెలైన్ ఇంజెక్షన్ ఇచ్చి ఏడాది పాటు గమనించారు. టీకా వేసుకున్నవారిలో 2.9 శాతం మంది చనిపోతే, వేసుకోనివారిలో 4.9 శాతం మంది చనిపోయారు. ఒక్క ఇంజెక్షన్‌కి ఇది చిన్న లాభం కాదు. కాకపోతే టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఏటా వేసుకోవాలి, వేసుకున్నా ఫ్లూ రాదన్న హామీ లేదు. గుండె జబ్బు ఉన్నవారు ముక్కులో కొట్టే స్ప్రే టీకా కాకుండా ఇంజెక్షనే అడగాలి.

యాంటీవైరల్ మాత్ర అవసరం పడేది ఫ్లూ వచ్చాక. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. "రెండు రోజులు చూద్దాం" అనుకుంటే ఆ రెండు రోజులే చేజారిపోతాయి. మాత్ర గుండెపోటును ఆపుతుందా? వాడినవారిలో గుండె సమస్యలు తగ్గాయని పాత వైద్య రికార్డులను పరిశీలించిన కొన్ని అధ్యయనాలు చెప్పాయి. కానీ త్వరగా డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు మిగతా జాగ్రత్తలూ బాగానే తీసుకుంటారు కదా, ఆ ఫలితమంతా మాత్రదేనని అనలేం. అయినా ముప్పు ఎక్కువ ఉన్నవారికి వెంటనే మొదలుపెట్టడమే సరైన పని. టీకా వేసుకున్నాం కదా అని మాత్ర మానకూడదు.

మాత్రల్లో ఒసెల్టామివిర్ రోజుకు 2 సార్లు, 5 రోజులు. ఎక్కువ ఏళ్లుగా వాడుకలో ఉన్నది కాబట్టి డాక్టర్లకు బాగా అలవాటు. కిడ్నీలు బలహీనంగా ఉంటే డోసు తగ్గించాలి, గుండె రోగుల్లో చాలామందికి ఆ ఇబ్బంది ఉంటుంది కాబట్టి ముందే చెప్పండి. బలాక్సవిర్ ఒక్క డోసుతో సరి. పాలు, క్యాల్షియం మాత్రలు, యాంటాసిడ్లతో కలిపి వేసుకుంటే మాత్రం సరిగ్గా ఒంటబట్టదు. వాంతి అవుతుందని, మాత్రలు మర్చిపోతానని భయపడేవారికి ఇదే సుఖం.

సొంతంగా మందులు కొనేవారికి ఇంకో మాట. ముక్కుదిబ్బడ తగ్గించే కొన్ని మాత్రలు బీపీని పెంచుతాయి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు గుండెకు మంచివి కావు. జ్వరానికి తగిన మోతాదులో పారాసిటమాల్ మేలు. రోజూ వేసుకునే గుండె మందులు జ్వరమొచ్చిందని ఆపకండి. ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ మొదలైతే టీకా, మాత్ర లెక్కలన్నీ పక్కనపెట్టి అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లండి.