అరకు దాటాకే అసలు దారి

విశాఖలో సైకిల్ తొక్కేవాళ్లలో ఎవరినడిగినా, కొండదారి అనగానే ముందు అరకు ఘాట్ పేరే చెప్తారు. మంచి దారే, కాదనను. కానీ అక్కడి దాకా వెళ్లి అదే దారిన వెనక్కి దిగి వచ్చేయడం ఇంటర్వెల్‌కే హాల్లోంచి లేచొచ్చేయడం లాంటిది. అరకు నుంచి హుకుంపేట, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగి చేరి నర్సీపట్నం దిగితే ఆ కొండలు పూర్తిగా చూసినట్టు. మేం ముగ్గురం తీరిగ్గా, రాత్రిళ్లు ఆగుతూ తొక్కిన దారి ఇది. ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగక్కర్లేదు అన్నది నా లెక్క ప్రకారం చెప్తాను.

ముందు విశాఖ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా ఉన్న దారి గురించి. పెందుర్తి, కొత్తవలస మీదుగా అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. లారీలు, ఆటోలు, దుమ్ము తప్ప చూడ్డానికేం లేదు. సైకిళ్లు ఏ బొలేరోలోనో వేసుకుని ఎస్.కోటలో దిగడం మేలు. కిరండూల్ ప్యాసింజర్‌లో సైకిల్ వేసుకుని వెళ్దామనుకునేవాళ్లూ ఉంటారు. బుక్ చేయడం కుదురుతుంది గానీ, చిన్న స్టేషన్లలో బండి ఆగే ఆ కాసేపట్లో లగేజీ పెట్టెలోంచి సైకిల్ దించుకోవడం అంత తేలిక కాదు. ఆ టెన్షన్ నాకు పడదు.

బొడ్డవర దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ. దాదాపు ముప్పై కిలోమీటర్లు కాళ్లకు పనే పని. అలాగని భయపడాల్సినంత నిటారు కాదు. బస్సులు, లారీలు ఎక్కాలని వేసిన రోడ్డు కాబట్టి వాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. ముందు 34 పళ్లు, వెనక 32 పళ్లు ఉన్న తేలిక గేరు ఉంటే మామూలుగా తొక్కేవాళ్లు కూడా దిగకుండా ఎక్కేయొచ్చు. హెయిర్‌పిన్ మలుపుల్లో మాత్రం లోపలి అంచు ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది. అక్కడ కాస్త బయటికి జరిగి తిరగాలి. అయితే ఎదురుగా వచ్చే బస్సుకు కావాల్సిందీ ఆ చోటే, అందుకని చెవులు రిక్కించి ఉండాలి. తెల్లవారగానే మొదలుపెట్టి, టూరిస్టు కార్లు బయల్దేరే లోపు అనంతగిరి చేరిపోవాలి. శని, ఆదివారాల్లో అయితే ఈ ఘాట్ జోలికే వెళ్లొద్దు.

ఈ దారిలో నాకు బాగా నచ్చింది పక్కనే సాగే రైలు. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. యాభైకి పైగా సొరంగాలున్నాయి. మనం ఆయాసపడుతూ ఒక మలుపు తిరిగేసరికి, లోయకు అవతలి గట్టున ఎర్రమట్టి రంగు వ్యాగన్లు ఒక కన్నంలోంచి బయటికొచ్చి ఇంకో కన్నంలో దూరుతుంటాయి. ఆ బండి మొత్తం పోయేదాకా ఆగి చూడ్డం మంచి సాకు, ఊపిరి కూడా కుదుటపడుతుంది.

బొర్రా గుహలు చూడాల్సినవే, కానీ సైకిల్ మీద కాదు. మెయిన్ రోడ్డు వదిలి కిందికి దిగాలి, చూశాక దిగినంతా మళ్లీ ఎక్కాలి. పైగా పెడల్‌కు బిగుసుకునే కొక్కేలున్న క్లీట్ల బూట్లతో లోపలి తడి మెట్ల మీద నడవడం కాలు విరగ్గొట్టుకోవడానికే. కారులో వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

అనంతగిరి దగ్గర కాఫీ తోటలు రోడ్డు దాకా వచ్చేస్తాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. 2019లో అరకు అరబికాకు జీఐ, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే గుర్తింపు, కూడా వచ్చింది. ఇంత కాఫీ పండే చోట రోడ్డు పక్క బడ్డీల్లో ఇచ్చేది మాత్రం చాలాచోట్ల టీయే, లేదంటే ప్యాకెట్ పొడి కలిపిన కాఫీ. మంచి కాఫీ కావాలంటే అరకు ఊళ్లో కాఫీ మ్యూజియం దగ్గర తాగండి.

ఇక అరకులో బస. పర్యాటక శాఖ హరిత రిసార్టుల్లో ఆవరణ పెద్దది, సైకిళ్లు పెట్టుకోవడానికి ఇబ్బంది ఉండదు, కానీ సీజన్లో ముందే బుక్ చేసుకోవాలి. మేం దిగింది ఒక ప్రైవేటు లాడ్జీలో. సైకిళ్లు గదిలోకి తేవద్దన్నారు, బయట గొలుసు వేసుకోండన్నారు, వేణ్ణీళ్లకు బకెట్ లెక్కన డబ్బులడిగారు. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు విరగబూసినప్పుడు గదుల రేట్లు ఇష్టమొచ్చినట్టు పెరుగుతాయి. బొంగు చికెన్ ఒకసారి తినొచ్చు. మర్నాడు తొక్కాల్సిన వాళ్లు మాత్రం రాత్రి అన్నం, పప్పుతో సరిపెట్టుకోవడం మంచిది. మళ్లీ వెళ్తే అరకులో భోంచేసి, రాత్రికి పాడేరు చేరిపోతాను.

ఎందుకంటే అరకు నుంచి పాడేరు నలభై అయిదు కిలోమీటర్ల లోపే, ఈ యాత్ర మొత్తంలో సైకిల్‌కు సరిగ్గా సరిపోయే రోడ్డు కూడా అదే. పెద్ద ఎక్కుడు లేదు, పెద్ద దిగుడు లేదు. చిన్న చిన్న మిట్టలు, మడుల మధ్య వాగులు, పసుపు ఎండబెట్టిన కళ్లాలు. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి మీద జారే నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు, కానీ పాచి ఉన్న బండ మీదికి వెళ్లొద్దు. మేం వెళ్లినప్పుడు హైవే విస్తరణ పనుల వల్ల అక్కడక్కడా రోడ్డు తవ్వి ఉంది. 25 ఎంఎం వెడల్పున్న సన్నటి టైర్లతో కంకర మీద పోవడం నరకం. కనీసం 28, వీలైతే 32 వేసుకోండి.

హుకుంపేట దాటాక మావాడి టైరు ఆ కంకరకే పోయింది. కొత్త ట్యూబు వేసి, చేతిపంపుతో కొట్టలేక పంక్చర్ షాపుకి నడిపించుకెళ్లాం. అక్కడి కుర్రాడు ట్యూబుకున్న సన్నటి ప్రెస్టా రకం వాల్వును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి సార్, ఇంత సన్నంగుంది? గాలెక్కడ కొట్టాలి?" అన్నాడు. రూపాయి బిళ్ల కంటే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి మా సంచిలో ఉంది కాబట్టి కంప్రెసర్ గాలి ఎక్కింది. డబ్బులు తీసుకోనన్నాడు, ఒక రౌండు తొక్కి చూస్తానన్నాడు. తొక్కాడు, బ్రేకులు మెచ్చుకున్నాడు. ఈ దారిలో రోడ్ బైక్ విడిభాగాలు దొరికే షాపు మాకెక్కడా కనబడలేదు. రెండు ట్యూబులు, చెయిన్ లింకు, ఆ అడాప్టరు ఉండాల్సిందే. నగదు కూడా, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు.

పాడేరు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. ఆఫీసుల పనిమీద వచ్చేవాళ్ల కోసం నడిచే లాడ్జీలు కాబట్టి హంగులు ఉండవు, కానీ గది శుభ్రంగా ఉంది, సైకిల్ లోపలికి తెచ్చుకోమన్నారు, పొద్దున్నే వేడి ఇడ్లీ దొరికింది. దోమల మందు మాత్రం మర్చిపోవద్దు, ఏజెన్సీ దోమతో ఆటలొద్దు. వంజంగి కొండ మీద మేఘాలు చూడాలనుకుంటే జీపులో వెళ్లండి. చీకట్లో ఆ వాహనాల వరసలో సైకిల్ తొక్కడం ప్రమాదం.

సెలవు చాలకపోతే పాడేరు నుంచే చోడవరం వైపు ఘాట్ దిగిపోవచ్చు. దారిలో మోదమాంబ పాదాల దగ్గర అందరూ ఆగి దండం పెట్టుకునే దిగుతారు. కింద కాస్త పక్కకు తిరిగితే మాడుగుల, అక్కడ గోధుమ పాలతో చేసే హల్వా. నేను మాత్రం చింతపల్లి దారికే ఓటేస్తాను.

జి.మాడుగుల దాటాక మిట్టలు ముదురుతాయి, ఊళ్లు పలచబడతాయి. కొత్తపల్లి జలపాతం ఈ దారిలోనే. అక్కడ చోడి (రాగి) అంబలి అమ్ముతున్న ఒకావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "బస్సుల్లేవా బాబూ, సైకిల్ మీదొచ్చేరు?" అంది. సరదాకి తొక్కుతున్నామంటే నమ్మలేదు, ఇంకో గ్లాసు పోసింది. ఎనర్జీ జెల్లులన్నీ ఆ అంబలి ముందు దిగదుడుపే.

చింతపల్లిలోనే 1922 ఆగస్టు 22న అల్లూరి దళం తొలిసారి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది. అంతకుముందు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి ఈ కొండల్లోకి రోడ్డు వేయిస్తూ గిరిజన కూలీలకు సరైన కూలి ఇవ్వకపోవడం ఆ కోపానికి ఒక కారణం. మనం సరదాకి దొర్లిపోయే మలుపుల వెనక ఆ చాకిరీ ఉంది. లంబసింగి ఘాట్ దిగుతున్నంతసేపూ నాకది గుర్తొస్తూనే ఉంది.

లంబసింగిలో చలికాలం టెంట్లలో పడుకోవడం పెద్ద ఫ్యాషన్. మంచుకు టెంటు తడిసి ముద్దవుతుంది, డీజే పాటలకు నిద్ర పట్టదు. చింతపల్లిలో పడుకుని తెల్లారి తాజంగి చెరువు చూసుకుంటూ రావడం నయం. దిగేముందు గ్లవుజులు, విండ్‌చీటరు వేసుకోండి, చేతులు కొంకర్లు పోతే బ్రేకు పట్టు దొరకదు. చక్రం అంచును పట్టుకునే రిమ్ బ్రేకులున్నవాళ్లు అదేపనిగా నొక్కిపట్టకుండా వదులుతూ పడుతూ దిగాలి. డౌనూరు చేరేసరికి విండ్‌చీటరు విప్పి సంచిలో పెట్టేంత ఉక్క.

నర్సీపట్నంలో యాత్ర ముగించేవాళ్లకు ఒక్క మాట. నర్సీపట్నం రోడ్ అనే రైల్వే స్టేషన్ పేరు చూసి ఊళ్లోనే ఉంటుందనుకోకండి, చాలా దూరం. అలసిన కాళ్లతో అక్కడిదాకా తొక్కే కన్నా, ఊళ్లోనే వ్యాను మాట్లాడుకుని సైకిళ్లు ఎక్కించేయండి.