సర్జ్ ప్రొటెక్టర్ అని 1,450 రూపాయలకు కొన్నాను, విప్పి చూస్తే లోపల ఎర్ర దీపం తప్ప ఏమీ లేదు

పిడుగుల కాలం కదా అని టీవీకి సర్జ్ ప్రొటెక్టర్ బోర్డు (సర్జ్ వస్తే, అంటే వోల్టేజీ ఉన్నట్టుండి ఎగిసిపడితే, కాపాడేది) కొనబోతున్నవారు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. దుకాణం పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఇలాంటి సరుకు ఆ ఒక్క దుకాణంలోనే ఉందని నేను అనుకోవడం లేదు.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. చుట్టూ కొబ్బరి తోటలు. వేసవిలో పగలంతా ఎండ మాడ్చేసి, సాయంత్రానికి మబ్బు పట్టి, చినుకు కంటే ముందే పిడుగు పడడం మాకు అలవాటే. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లోనే 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయని విపత్తు నిర్వహణ అధికారులు చెప్పారు. ఆ వార్త చదివినప్పటి నుంచి ఉరుము వినబడితే చాలు, ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసే ఉద్యోగం నాది. మార్చిలో 43 అంగుళాల కొత్త టీవీ వచ్చాక, మేము ఊళ్లో లేనప్పుడు ఎవరు పీకుతారన్న బెంగతో ఈ బోర్డు కొన్నాను.

పెట్టె మీద మెరుపు బొమ్మ, దాని ముందు డాలు బొమ్మ, ‘6000 వోల్టుల వరకు రక్షణ’ అని పెద్ద అక్షరాలు. మామూలు బోర్డు 350 రూపాయలకే దొరుకుతుంటే దీనికి 1,450. దుకాణదారు బోర్డు స్విచ్చు వేసి, ఎర్ర దీపం చూపించి, “ఇది వెలుగుతున్నంత కాలం మీకు ఏ భయమూ లేదండీ” అన్నాడు. బిల్లు కావాలా, చీటీ చాలా అని అడిగాడు. బిల్లు అయితే పన్ను పడుతుందన్నాడు. చీటీ చాలన్నాను. నా మొదటి తప్పు అదే.

మే నెలలో పెళ్లికని భీమవరం వెళ్లి రాత్రికి తిరిగి వచ్చాం. రెండిళ్ల అవతల కొబ్బరి చెట్టు మీద సాయంత్రం పిడుగు పడిందట. మొవ్వు నల్లగా మాడిపోయి, మాను పొడవునా చీలిక. మా హాల్లోకి అడుగుపెట్టగానే కాలిన ప్లాస్టిక్ వాసన. టీవీ లేవలేదు. సెట్‌టాప్ బాక్స్ లేవలేదు. ఇంటర్‌నెట్ రౌటర్ పైన ఒక మూల గోధుమ రంగు మచ్చ. బోర్డు మీద ఎర్ర దీపం మాత్రం దర్జాగా వెలుగుతూనే ఉంది!

టీవీ కంపెనీ మెకానిక్ వచ్చి వెనక మూత విప్పాడు. పవర్ బోర్డు, మదర్‌బోర్డు రెండూ పోయాయన్నాడు. జాబ్ కార్డులో ‘అధిక వోల్టేజీ’ అని రాశాడు. ఆ రెండు మాటలతో వారంటీ ముగిసింది. వారంటీ కాగితంలో పిడుగులు, వోల్టేజీ హెచ్చుతగ్గులు తమ బాధ్యత కాదని చిన్న అక్షరాల్లో ఉంది. కొన్నప్పుడు ఎవరు చదువుతారు?

మర్నాడు మా వీధి ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించాను. నాలుగు స్క్రూలు తీసి ఒక్క చూపు చూసి నవ్వాడు. రెండు ఇత్తడి పట్టీలు, ఒక స్విచ్చు, ఆ ఎర్ర దీపం, దానికొక చిన్న రెసిస్టర్. అంతే. అక్కడ ఉండాల్సింది వేరిస్టర్ అనే బిళ్ల. రూపాయి నాణెం కంటే చిన్నది, సాధారణంగా నీలం పూతతో, కింద రెండు తీగలతో ఉంటుంది. మామూలు 230 వోల్టులప్పుడు అది కరెంటును తనగుండా దాదాపు పోనివ్వదు. వోల్టేజీ ఉన్నట్టుండి ఎగిసిపడితే మాత్రం రెప్పపాటు కంటే వేగంగా దారి తెరిచి ఆ ఉధృతిని పక్కకు మళ్లిస్తుంది. తన సంచిలోంచి పాతది ఒకటి తీసి చూపించాడు. దాని మీద ‘14డి471’ అని ఉంది. అంటే 14 మిల్లీమీటర్ల వెడల్పు, 470 వోల్టులు. అదేమీ ఖరీదైన వస్తువు కాదు. అది కూడా పెట్టలేదు.

అంతకంటే ఘోరం ఇంకొకటి. ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయి గానీ వైరు లోపల తీగలు రెండే. లావుగా కనబడే ఎర్త్ పిన్ను అలంకారం! దానికి ఏ తీగా తగిలించి లేదు. పిడుగు మాట అటుంచండి, ఆ బోర్డుకు మిక్సీయో ఇస్త్రీ పెట్టెయో పెట్టినప్పుడు బాడీకి కరెంటు వచ్చి ఉంటే మా గతి ఏమయ్యేది?

నిజం దాచను, మా ఇంటి తప్పూ ఉంది. ఎలక్ట్రీషియన్ ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూస్తే మిణుగురు పురుగులా వెలిగింది. ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు, నీళ్లు పోసిన పాపానా పోలేదు. ఎర్తింగ్ సరిగా లేకపోతే అసలైన ప్రొటెక్టర్ కూడా సగం పనే చేస్తుందట. ఇంకొక సంగతి, కేబుల్ టీవీ వైరు ఆ కొబ్బరి చెట్ల మీదుగానే వస్తుంది. దెబ్బ కరెంటు వైరులోంచి వచ్చిందో కేబుల్‌లోంచి వచ్చిందో ఎవరూ తేల్చలేరన్నాడు.

దుకాణదారు ఈ మాటే పట్టుకున్నాడు. “పిడుగును ఆపడం ఎవరి తరం సార్?” అన్నాడు. ఒప్పుకుంటాను. పిడుగులో వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది, అది నేరుగా ఇంటి మీద పడితే ఏ బోర్డూ ఆపలేదు. నా తగవు బోర్డు పిడుగును ఆపలేదని కాదు. ఆపడానికి పెట్టామన్న వస్తువు అందులో లేదని. విప్పిన బోర్డు బల్ల మీద పెట్టి ఆ బిళ్ల ఎక్కడుందో చూపించమంటే, విప్పిన వస్తువును వెనక్కి తీసుకునేది లేదన్నాడు.

కొనేవారు పెట్టె మీద బొమ్మలు కాదు, అంకెలు చూడండి. ఎంత శక్తిని తట్టుకుంటుందో జౌల్స్‌లో, ఎన్ని వోల్టుల దగ్గర అడ్డుకట్ట వేస్తుందో (దాన్నే క్లాంపింగ్ వోల్టేజీ అంటారు) రాసి ఉండాలి. అవి లేకుండా వేల వోల్టుల మాట ఒక్కటే ఉంటే నేనైతే ముట్టుకోను. కరెంటు వస్తోందని చెప్పే దీపం వేరు, రక్షణ పనిచేస్తోందని చెప్పే దీపం వేరు. వేరిస్టర్ దెబ్బలు తిని తిని అరిగిపోతుంది కాబట్టి రెండో దీపం అవసరం. ఐఎస్ఐ గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరు అసలుదో కాదో, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో చూడవచ్చు. అయితే ప్లగ్గుకూ సాకెట్‌కూ ఉన్న ఐఎస్ఐ గుర్తు సర్జ్ రక్షణకు హామీ కాదు. స్టెబిలైజర్ ఉంది కదా అనుకునేవారికి ఒక మాట: దాని లోపల వోల్టేజీని సరిచేసే స్విచ్చు (రిలే) కదిలేలోపే సర్జ్ వచ్చి వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఎర్తింగ్ కొత్తగా వేయించాను. మెయిన్ బోర్డు దగ్గర ఇల్లంతటికీ కలిపి పనిచేసే ‘టైప్ 2’ రకం సర్జ్ రక్షణ పరికరం పెట్టించాను, దానికి పక్కా బిల్లు తీసుకున్నాను. అయినా ప్లగ్గులు పీకే ఉద్యోగం మానలేదు. పిడుగుల గురించి ముందే చెప్పే దామిని యాప్‌లో హెచ్చరిక రాగానే, ఉరుములు దగ్గరపడకముందే, కేబుల్ వైరుతో సహా తీసేస్తున్నాను. నెత్తి మీద ఉరుముతున్నప్పుడు మాత్రం వైర్ల జోలికి వెళ్లకండి, టీవీ పోతే పోయింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు ఉందా అని అడిగారు. ఫోన్‌లో డబ్బు కట్టిన రుజువు, చీటీ ఫొటో, విప్పిన బోర్డు ఫొటోలు పంపాను. దుకాణం వాళ్ల జవాబు ఇంకా రాలేదు. బోర్డు అలాగే సంచిలో కట్టి అటక మీద పెట్టాను.