అలల చారల పాప దుప్పటి: వరంగల్‌లో దొరికే మూడు దారాల్లో ఏది కొనాలి?

తొట్టెల ఫంక్షన్‌కు క్రోషే సూదితో (కొక్కెం మొన సూదితో) చేత్తో అల్లిన దుప్పటి ఇద్దామనుకునే వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది అలల డిజైన్. రంగురంగుల చారలు ఎత్తుకు ఎక్కి పల్లానికి దిగుతూ పోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అలలు అల్లడానికి తెలియాల్సిన కుట్లు కూడా రెండే, చైన్ (దారం లూపుల గొలుసు), డబుల్ క్రోషే (సూదికి దారం ఒకసారి చుట్టుకుని తీసే పొడుగు కుట్టు). అయినా చాలా దుప్పట్లు సూది పట్టకముందే, దారం కొన్న రోజే చెడిపోతాయి. ఒకే డిజైన్‌ను ఒకే 4 మి.మీ. సూదితో మూడు రకాల దారాల్లో అల్లి, ఉతికి, ఆరేసి, పక్కపక్కన పెట్టి చూసి రాస్తున్న రివ్యూ ఇది. తీర్పు ముందే చెప్తాం: మన ఎండలకు కాటనే కొనండి. మిల్క్ కాటన్‌ది రెండో స్థానం. ఊల్‌ది మూడో స్థానం, అదీ చలికాలం వాడకానికైతేనే.

ఊల్ అని మన దగ్గర లేసుల దుకాణాల్లో, టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో అమ్మేది ఎక్కువగా యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. దాని మంచి గుణాలు దానికున్నాయి. తేలికగా ఉంటుంది, ధర తక్కువ, రంగు దిగదు, చేతిలో సాగుతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునే వాళ్లకు కుట్టు కుదురుగా వస్తుంది. చెమట పీల్చదు, అదీ దాని లోపం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటే ఊర్లో పసిపిల్ల వీపు కింద యాక్రిలిక్ పరిస్తే పది నిమిషాల్లో వీపు తడిసిపోతుంది. పైగా నాలుగైదు ఉతుకులకే పైన చిన్న చిన్న నూగు ఉండలు లేస్తాయి. పాప పిడికిలి విప్పి చూడండి, వేళ్ల సందుల్లో రంగు నూగు కనిపిస్తుంది. ఆ పిడికిలే నోట్లోకి పోతుంది. ఇంకో సంగతి, దీని మీద వేడి ఇస్త్రీ పెట్టొద్దు. పెడితే పోగు మెత్తబడి చప్పిడిగా, జారుడుగా అయిపోతుంది. మళ్లీ ఎప్పటికీ మొదటిలా రాదు.

మిల్క్ కాటన్ పేరు వినగానే మోజు పడతాం. పేరులో పాలున్నా, లేబుల్ చదివితే చాలా ఉండల్లో కనిపించేది కాటన్, యాక్రిలిక్‌ల కలగలుపు. ముట్టుకుంటే మాత్రం మూడింట్లోకీ ఇదే మెత్తన, చెంపకు ఆనిస్తే తెలుస్తుంది. రంగులు కూడా లేతగా, పసిపిల్లలకు తగ్గట్టు దొరుకుతాయి. అల్లేటప్పుడే దీనితో అవస్థ. పురి వదులుగా ఉంటుంది, సూది మొన కొంచెం కోసుగా ఉంటే పోగుల మధ్యలో దూరి దారం చీలిపోతుంది. చీలిన పోగు కుట్టు బయట చిన్న ఉచ్చులా నిలబడుతుంది, పాప వేలికి తగులుకునేది అదే. మొన గుండ్రంగా ఉన్న సూది వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

కాటన్ ఉండ ధర ఎక్కువే. బరువు ఎక్కువ, సాగదు, గంటసేపు అల్లితే మణికట్టు లాగుతుంది. అయినా మొదటి స్థానం దీనికే. చెమట పీలుస్తుంది, నూగు తక్కువ, ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది. ఇందులోనూ రెండు రకాలు. మెర్సరైజ్డ్ కాటన్‌కు మెరుపు ఉంటుంది, గట్టిగా ఉంటుంది, టేబుల్ మ్యాట్లకూ బ్యాగులకూ బాగుంటుంది. పాప దుప్పటికి మెరుపు లేని మామూలు కాటనే మేలు. ఒకటి బాధగా చెప్పాలి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరే ఊరు మనది, ఆజంజాహి బట్టల మిల్లు నడిచిన ఊరు మనది. అలాంటి ఊర్లో మెత్తటి లావు కాటన్ ఉండ అడిగితే చాలాచోట్ల లేసుకు వాడే సన్నటి 20 నంబర్ దారం, దానికి తోడు 1 మి.మీ. స్టీలు సూది తీసి చూపిస్తారు. అవి దుప్పటికి పనికిరావు. కావాల్సింది 100 గ్రాములకు సుమారు 200 నుంచి 230 మీటర్లు వచ్చే దారం. 4 ప్లై, 8 ప్లై (పోగుల లెక్క) అన్న మాటను నమ్ముకోవద్దు. ఒక్కో కంపెనీ 4 ప్లై ఒక్కో లావు ఉంటుంది. లేబుల్ మీద గ్రాములూ మీటర్లూ చూసి కొంటే మోసం ఉండదు.

లేబుల్ లేని ఉండ అయితే ఒక జానెడు పోగు తెంపి ఇంట్లో స్టీలు ప్లేటు మీద కాల్చి చూడండి. కాటన్ కాగితంలా మండి, కాగితం కాలిన వాసనే వచ్చి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. యాక్రిలిక్ కరిగి ముడుచుకుని, చివర నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. బూడిదలో ఆ పూసలు కూడా తగిలితే అది కలగలుపు. రంగు పరీక్ష ఇంకా ముఖ్యం. తెల్ల చేతిరుమాలు మూల తడిపి, ముదురు రంగు దారాన్ని అందులో గట్టిగా పిండి పట్టుకోండి. ఎరుపు, ముదురు నీలం, మెరూన్ చాలాసార్లు మరక పెడతాయి. మరక పడిన రంగును తెలుపు పక్కన పెట్టొద్దు. ఉప్పునీళ్లు, వెనిగర్‌లో నానబెడితే రంగు నిలుస్తుందని చెప్తుంటారు, అద్దకం అయిపోయిన కాటన్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. మిగులు రంగు పోయేదాకా, నీళ్లు తెల్లగా వచ్చేదాకా ఉతకడమే మార్గం.

ఇప్పుడు ఎంత కొనాలన్న లెక్క. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ముందు 26 చైన్లు వేసి, 24 కుట్ల వెడల్పుతో 8 వరుసల ముక్క అల్లండి. అంటే రెండు అలలు, నాలుగు చారలు. ఉతికి, ఆరిన తర్వాత కొలవండి. మేం పోల్చిన కాటన్‌కు 4 మి.మీ. సూదితో ఒక అల సుమారు 6 సెం.మీ. వెడల్పు, ఒక వరుస సుమారు 1 సెం.మీ. ఎత్తు వచ్చింది. ముక్క బరువు 7.5 గ్రాములు. 13 అలలు వేస్తే 156 కుట్లు, 78 సెం.మీ. వెడల్పు. చాలామంది ఐదు రంగులు, రంగుకు 100 గ్రాములు అని కొనేస్తారు. రెండు వరుసలకో చార చొప్పున 45 చారలు, 90 వరుసలు అల్లితే ఒక్కో రంగుకు 18 వరుసలు, అంటే 2,808 కుట్లు. ముక్కలో 192 కుట్లకు 7.5 గ్రాములు పట్టింది కాబట్టి రంగుకు సుమారు 110 గ్రాములు కావాలి. చివరి చారల దగ్గర ఐదు రంగులూ వరసగా అయిపోతాయి! మళ్లీ దుకాణానికి పోతే అదే రంగు వేరే లాట్‌లో (వేరే విడత అద్దకంలో) వస్తుంది, అంచు దగ్గర తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

దానికి బదులు ఆరు రంగులు, రంగుకు 50 గ్రాముల ఉండలు రెండు తీసుకోండి. 42 చారలు, 84 వరుసలు. రంగుకు సుమారు 85 గ్రాములు పడుతుంది, మిగిలే 15 గ్రాములు చుట్టూ అంచుకూ చివర్లకూ సరిపోతాయి. దుప్పటి 78కి 84 సెం.మీ. వస్తుంది, పసిపిల్లకు ఇది చాలు. పన్నెండు ఉండలూ ఒకేసారి కొని, ఒకే రంగు ఉండలు రెండింటి మీదా లాట్ నంబర్ ఒక్కటేనా అని చూసుకోండి. మీ ముక్కలో అల 5.5 సెం.మీ. వస్తే 14 అలలు వేయండి, 168 కుట్లు. బరువు కూడా ఆ మేరకు పెరుగుతుందని మర్చిపోవద్దు. ఇంట్లో కూరగాయల త్రాసు మీద ఈ ముక్క బరువు తేలదు, దశాంశం చూపించే చిన్న డిజిటల్ త్రాసు కావాలి.

రంగుల వరస విషయంలో కొత్తవాడ మగ్గాల జంపఖానాలను చూసి నేర్చుకోవచ్చు. ముదురు చార పక్కన లేత చార పడితేనే గీత తేటగా నిలుస్తుంది. అలల డిజైన్‌లో రెండు మధ్యరకం రంగులు పక్కపక్కన పడితే దూరం నుంచి అల కనపడదు, మచ్చలాగా కలిసిపోతుంది. ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపుకు మార్చి చూడండి. ఒకేలా కనపడ్డ రెండు రంగుల్ని విడదీయండి.

అల్లిక ఇలా. 4.5 సూదితో 158 చైన్లు వేయండి, తర్వాత 4 సూదికి మారండి. పునాది చైన్ బిగుతుగా ఉంటే దుప్పటి కింది అంచు విల్లులా వంగిపోతుంది, ఉతికినా సర్దుకోదు. సూది నుంచి మూడో చైన్‌లో రెండు డబుల్ క్రోషేలు. తర్వాత మూడు చైన్లలో ఒక్కోటి. తర్వాత రెండేసి చైన్లను కలిపి ఒక కుట్టు, అలా రెండుసార్లు, ఇది పల్లం. మళ్లీ మూడింట్లో ఒక్కోటి. తర్వాత రెండు చైన్లలో రెండేసి కుట్లు, ఇది ఎత్తు. చివరిదాకా ఇదే. ఆఖరి చైన్‌లో రెండు కుట్లు వేసి ముగించాలి. ప్రతి వరుస మొదట్లో రెండు చైన్లు వేసి తిప్పాలి, వాటిని కుట్టుగా లెక్కపెట్టొద్దు. తర్వాతి వరుసల్లోనూ ఇదే వరస, చైన్ల బదులు కింది వరుస కుట్లలో వేయాలి. మొదటి రెండు కుట్లు సరిగ్గా కింది వరుస మొదటి కుట్టులోనే పడాలి. పన్నెండు కుట్లు తీసుకుని పన్నెండు కుట్లు ఇస్తుంది ఒక్కో అల, అందుకే వెడల్పు మారదు.

పాత నమూనా పుస్తకం చూసి అల్లేవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికా పద్ధతిలో డబుల్ క్రోషే అనేదాన్ని బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అంటారు. ఇక్కడ మేం చెప్పేది సూదికి దారం ఒకసారి చుట్టుకుని తీసే పొడుగు కుట్టు. పొరపాటున పొట్టి కుట్టు వేస్తే దుప్పటి అట్టలా బిగిసిపోతుంది, దారమూ చాలదు.

అన్నింటికన్నా ఎక్కువగా వచ్చే తప్పు అంచులు లోపలికి పోవడం. వరుస మొదటి కుట్టునో, ఆఖరి కుట్టునో వదిలేస్తే పది వరుసలకు దుప్పటి గోపురంలా సన్నబడుతుంది. మొదటి కుట్టులో, చివరి కుట్టులో పిన్నీసు గుచ్చుకుంటూ పోండి, పని అయ్యాక లెక్కపెట్టి తీసేయండి. వరుస మధ్యలో తప్పు పట్టడానికి ప్రతిసారీ 156 లెక్కపెట్టనక్కర్లేదు. కింది వరుసలో ఎత్తు దగ్గర నాలుగు కుట్లు గుంపుగా ఉంటాయి. ఇప్పుడు వేసే రెండేసి కుట్లు ఆ నాలుగింట్లో నడిమి రెండింట్లోనే పడాలి. ఒక్క కుట్టు పక్కకు జరిగిందా, అల వాలిపోయినట్టే. అక్కడిదాకా విప్పేయండి, పై వరుసలో సర్దుదామంటే కుదరదు.

పల్లం దగ్గర రెండు కుట్లు వదిలేసి పొమ్మనే నమూనాలు కొన్ని ఉన్నాయి. శాలువాకు బాగుంటాయి, పాప దుప్పటికి వద్దు. వదిలినచోట బెజ్జం పడుతుంది, అందులో పాప కాలివేళ్లు ఇరుక్కుంటాయి. కలిపి వేసే కుట్టయితే ఆ సందు మూసుకుంటుంది. వేలు పెట్టి చూడండి, మీ చిటికెన వేలు దూరితే కుట్టు వదులుగా ఉన్నట్టు. సూది ఒక సైజు తగ్గించి, ముక్క మళ్లీ అల్లి కొలుచుకోండి.

రంగు మార్చేటప్పుడు రెండో వరుస ఆఖరి కుట్టును పూర్తిచేయకుండా, సూది మీద రెండు లూపులు ఉండగానే కొత్త రంగు లాగండి. పూర్తయ్యాక మారిస్తే పాత రంగు చుక్క కొత్త చారలోకి ఎక్కుతుంది. 42 చారలంటే 84 చివర్లు. ముడి వేసి కత్తిరించొద్దు. కాటన్ ముడి ఉతుకులో జారిపోతుంది, జారకపోతే పాప వీపుకు గుచ్చుకుంటుంది. 15 సెం.మీ. తోక వదిలి, మొండి మొన ఉన్న కుట్టు సూదితో ఒకవైపు, తిరిగి రెండోవైపు, మళ్లీ మొదటివైపు దూర్చాలి. నాలుగు చారలకోసారి ఈ పని చేసుకుంటే చివర్లో గుండె జారదు.

చుట్టూ అంచుకు సింగిల్ క్రోషే (దారం చుట్టుకోకుండా తీసే పొట్టి కుట్టు) చాలు. పక్కల ఒక్కో వరుసకు రెండు కుట్లు. పైనా కిందా మాత్రం అల లెక్క పాటించాలి, ఎత్తు మీద రెండేసి, పల్లంలో రెండేసి కలిపి. లేకపోతే అంచు కుచ్చులు పోతుంది. అంచుకు వేలాడే కుచ్చులు, ఊల్ బంతులు కట్టొద్దు.

సూది అయితే పోనీ (Pony) కంపెనీ అల్యూమినియం 4 మి.మీ.ది సరిపోతుంది. కాటన్ దాని మీద బాగా జారుతుంది. 156 కుట్ల వరుసకు చేయి తిరిగిన వాళ్లకు 15 నుంచి 20 నిమిషాలు, మొత్తం మీద 21 నుంచి 28 గంటలు. తొట్టెలకు నెల ముందే మొదలుపెట్టండి.

మా మార్కులు పదికి: కాటన్‌కు 8, మిల్క్ కాటన్‌కు 6.5, యాక్రిలిక్‌కు 4. కాటన్‌కు రెండు మార్కులు తగ్గింది బరువుకు, రంగు దిగే భయానికి.

ఇచ్చేటప్పుడు ఆ ఇంటివాళ్లకు రెండు మాటలు చెప్పండి. ఏడాది నిండేదాకా నిద్రపోతున్న పాప మీద ఈ దుప్పటి వదులుగా కప్పొద్దు, ముఖం మీదికి జరిగితే ఊపిరి ఆడదు. మేలుకుని ఆడుకునేటప్పుడు కింద పరచడానికి, ఒళ్లో వేసుకోవడానికి వాడుకోవాలి. రెండోది, ఉతుకు. చల్లటి నీళ్లు, తక్కువ సబ్బు, మొదటి రెండుసార్లు వేరేగా. పిండి తీగె మీద వేలాడేస్తే తడి కాటన్ బరువుకు అలలు కిందికి సాగిపోతాయి. తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేసి, నీడలో చాప మీద పరిచి, అలలను చేత్తో సర్ది ఆరబెట్టాలి.